రుడాల్ఫు డీజిలుగారి చరిత్రము

వికారాబాదునుండి తాండూరునకు పోవు రహదారి అనంతగిరి కొండలమీదుగా సాగునని మన పాఠశాల విద్యార్థులందరును ఎరుగుదురు. మూసీనది పుట్టిన ఆ కొండలను చూచుటకై వానకాలమున హైదరాబాదునుండి జనులు గుంపులుగా వత్తురు. వారు చూడని దృశ్యమొకటి ఎండకాలమున మా కంటబడుచుండును. తాండూరు నాపరాళ్లనో కందుల బస్తాలనో మోసికొనివచ్చు పాత డీజిలు పికప్పు బండి యొకటి ఎక్కుడు నడుమ నిలిచిపోయి, బానెట్టు పైకెత్తబడి, రేడియేటరునుండి ఆవిరి గ్రక్కుచుండును. డ్రైవరు చేత డబ్బా పట్టుకొని నీళ్లకై వెదకుచుండును.

కొంతకాలము క్రిందట తాండూరులోని యొక మరమ్మతు షెడ్డునందు అట్టి బండి యొకదానిని మేము చూచుట తటస్థించెను. దాని యజమానియే డ్రైవరు. ఆ బండియే ఆతని కుటుంబమునకు జీవనాధారము. బరువుతో ఘాటు ఎక్కుటకు ఇంజనులో సత్తువ చాలుట లేదనియు, పెద్ద టర్బో బిగింపవలెననియు ఆతడు కోరెను. మేస్త్రి యందుకు ఒప్పుకొనక, మొదట రేడియేటరు సంగతి చూడవలెననియు, చల్లబరచు ఉపాయము లేక గాలిని హెచ్చించినచో పిస్టను కరగి ఇంజను చెడుననియు చెప్పెను. రెండు పనులకును చాలినంత సొమ్ము యజమానియొద్ద లేదు. వారిరువురును వాదించుకొనుచుండగా మాకు రుడాల్ఫు డీజిలుగారు జ్ఞప్తికి వచ్చిరి. గాలి ముందా, నీళ్లు ముందా యను ఈ తగవు ఆ యింజనుతోడనే పుట్టినది. దానిని కల్పించిన మహాశయుడే నీళ్లు అక్కరలేదని మొదట తలచి పొరపడెను. గాలిని అధికముగా ఎక్కింపజూచి విరమించెను. డీజిలు అనునది నూనె పేరని మనలో పలువురు తలంతురు గాని అది యొక మనుష్యుని యింటిపేరు. ఆయన చరిత్రమును మేమెరిగినంతవరకు ఇచ్చట వ్రాయుచున్నాము.

రుడాల్ఫు డీజిలు 1858వ సంవత్సరము మార్చి 18వ తేదీన పారిసు నగరమున జన్మించెను. తలిదండ్రులు జర్మనులు. తండ్రి థియొడోరు ఆగ్స్‌బర్గు పట్టణమునుండి పారిసునకు వలసవచ్చి, తోలుసామానులు చేసి అమ్ముకొని జీవించుచుండెను. బాలుడు తండ్రి చేసిన సరకులను తోపుడుబండిలో పెట్టుకొని వర్తకుల యిండ్లకు చేర్చుచుండెను. తీరిక దొరికినప్పుడు ఆ నగరమందలి యంత్రముల ప్రదర్శనశాలకు పోయి, అచ్చటి పాత ఆవిరిబండి మొదలగువాని బొమ్మలను వ్రాసికొనుచుండెను.

1870లో ఫ్రాన్సునకును జర్మనులకును యుద్ధము వచ్చెను. పారిసులోని జర్మనులందరును నగరము విడిచిపోవలసిన గతి పట్టెను. డీజిలు కుటుంబము లండనునకు పోయెను గాని అచ్చట జరుగుబాటు కష్టమయ్యెను. తలిదండ్రులు పండ్రెండేండ్ల బాలుని ఆగ్స్‌బర్గులోని బంధువుల యింటికి పంపివేసిరి. ఆ యింటి యజమాని బార్నికెలు గణితోపాధ్యాయుడు. యుద్ధముచేత ఇల్లు విడిచిన పిల్లవాడు ఉపాధ్యాయుని నీడను చేరుట గొప్ప భాగ్యమే. పదునాలుగవ యేటనే తాను ఇంజనీరు కాదలచితినని ఆతడు తలిదండ్రులకు వ్రాసెను. 1873లో తన తరగతియందు మొదటివాడుగా నిలిచెను. తలిదండ్రులు మాత్రము కుమారుడు త్వరగా సంపాదనలో ప్రవేశింపవలెనని కోరిరి. వారి కోరికను కాదని, 1875లో విద్యార్థివేతనము పొంది, మ్యూనికు నగరమందలి సాంకేతిక విద్యాలయమున చేరెను. పెద్దల మాటను ఆతడు మీరుట తప్పో ఒప్పో చదువరులే తలపోసికొందురు గాక.

మ్యూనికులో కార్లు లిండె అను ఆచార్యుడుండెను. కృత్రిమముగా శీతలము పుట్టించు యంత్రములకు ఆయన ప్రసిద్ధుడు. ఆవిరియింజనులో కాల్చిన బొగ్గు వేడిమిలో నూటికి పదిపాళ్లు మాత్రమే పనిగా మారుననియు, తక్కినదంతయు వ్యర్థమగుననియు ఆయన ఒకనాడు బోధించెను. ఈ మాట డీజిలు మనస్సున నాటుకొనెను. తొంబదిపాళ్లు వృథా పోవుటకు వీలులేని ఇంజనును కట్టవలెనను సంకల్పము ఆనాడే కలిగెను. 1879లో ఆయనకు సన్నిపాతజ్వరము వచ్చి పరీక్ష తప్పిపోయెను. కోలుకొనిన పిమ్మట కొంతకాలము స్విట్జర్లాండులోని వింటర్‌థూరు పట్టణమున సుల్జరువారి యంత్రశాలలో పనినేర్చుకొని, 1880లో తిరిగి పరీక్షకు కూర్చుండి మిగుల గొప్ప మార్కులతో ఉత్తీర్ణుడయ్యెను. వింటర్‌థూరు పేరును చదువరులు మరువకుందురు గాక; మరల దానిని ప్రస్తావింపవలసియున్నది.

లిండె తన శిష్యుని పారిసులోని మంచుగడ్డల కర్మాగారమునకు పంపెను. మరుసటి సంవత్సరమే డీజిలు దానికి అధికారియయ్యెను. సీసాలలోనే మంచుగడ్డ కట్టించు విధానమునకు 1881లో పేటెంటు సంపాదించెను. 1883లో మార్తా అను జర్మను యువతిని పెండ్లాడెను. వారికి ఇద్దరు కుమారులును ఒక కుమార్తెయు కలిగిరి. 1890లో కుటుంబముతో బెర్లినునకు మారెను. ఈ పదియేండ్లకు మించిన కాలమంతయు ఆయన ఉద్యోగము చల్లబరచుటయే. రాత్రులందు మాత్రము తన ఇంజను లెక్కలు వేసికొనుచుండెను. మొదట ఆవిరికి బదులు అమ్మోనియా వాయువుతో నడచు ఇంజనును చేయజూచి విఫలుడయ్యెను.

ఆయన కనుగొనిన సూత్రము మన సైకిలు పంపులోనే కలదు. చక్రమునకు గాలికొట్టునప్పుడు పంపు గొట్టము వేడెక్కుట పిల్లలందరును ఎరిగినదే. గాలిని అదిమినకొలది అది వేడెక్కును. మిక్కిలి గట్టిగా అదిమినచో, అందులో నూనె చిమ్మగానే నిప్పురవ్వ లేకయే అది అంటుకొనును. పెట్రోలు ఇంజనునకు కావలసిన స్పార్కుప్లగ్గు డీజిలు ఇంజనునకు లేకపోవుటకు ఇదియే కారణము. ఈ సూత్రముపై డీజిలు 1892లో జర్మనీలో పేటెంటు కోరి, మరుసటి సంవత్సరమున ఒక గ్రంథమును ప్రకటించెను. పలువురు యంత్రశాలలవారు నమ్మలేదు. తుదకు ఆగ్స్‌బర్గు యంత్రశాలాధిపతి హైన్రిఖు బూజు పని మొదలుపెట్టుటకు అంగీకరించెను. క్రుప్పు కంపెనీవారు ఖర్చులో పాలుపంచుకొనిరి.

ఇచ్చటనే ఆయన పొరపాటును చెప్పవలసియున్నది. ఇంజను చుట్టును నీరు త్రిప్పుటయనగా విలువగల వేడిమిని నీళ్లపాలు చేయుటయే యని ఆయన తలచెను. తన సిద్ధాంతము ప్రకారము నూనెను మెల్లగా మండింపగా వేడిమి హద్దు మీరదు గనుక సిలిండరునకు నీటితొడుగే అనవసరమని లెక్కగట్టెను. 1893లో కట్టిన మొదటి ఇంజనునకు నీటితొడుగు లేదు. ఆగష్టు 10వ తేదీన దానిలో నూనె చిమ్మగానే గొప్ప ప్రేలుడు కలిగి, పైనున్న ఒత్తిడిని కొలుచు పనిముట్టు ముక్కలై యెగిరిపోయెను. దగ్గరనున్నవారు తృటిలో తప్పించుకొనిరి. అదిమిన గాలిలో నూనె తనంతట మండునని ఆనాడు ఋజువయ్యెను గాని ఇంజను తనంతట తిరుగలేదు. మండిన నూనె ఇనుమునకు ఎంత వేడిమి నిచ్చునో లెక్కలకు తెలియలేదు, ఇనుము తెలిపెను. పదియేండ్లు మంచుగడ్డల నడుమ బ్రతికిన విద్వాంసుడు తన ఇంజనునకు చల్లదనము నొసగ మరచెను. తరువాతి ఇంజనుకు నీటితొడుగు వేయక తప్పినది కాదు.

1894 ఫిబ్రవరి 17వ తేదీన ఇంజనును షాపులోని పట్టీతో త్రిప్పి పరీక్షించుచుండిరి. ఉన్నట్టుండి పట్టీ వదులై, ఇంజనే పట్టీని లాగుచున్నట్లు లిండరు అను పనివాడు కనిపెట్టెను. ఆతడు మాటాడక తన టోపీ తీసి డీజిలునకు వందనము చేసెనని చెప్పుదురు. అది ఒక నిమిషముకాలమే తిరిగెను. ఆ నిమిషమునుండి అమ్మదగిన ఇంజను వరకు ఇంకను మూడేండ్లు పట్టెను.

ఆ మూడేండ్లలోనే ఆయన గాలి సంగతిని కూడ ప్రయత్నించెను. ఇంజను బలము దానిలో కాల్చగల నూనెను బట్టియుండును. కాల్చగల నూనె దానిలోనికి పోవు గాలిని బట్టియుండును. పిస్టను తానుగా పీల్చుకొను గాలి కొలతకు లోబడియుండును గనుక, పిస్టను అడుగుభాగమునే పంపుగా చేసి, గాలిని ముందుగా అదిమి సిలిండరులోనికి త్రోయించెను. బలము హెచ్చెను గాని నూనె కూడ ఎక్కువగా ఖర్చయ్యెను. గాలి త్రోయుటకు పట్టిన శ్రమయంతయు ఇంజను తలమీదనే పడెను. నూనె పొదుపే డీజిలు పరమార్థము గనుక ఆ ఏర్పాటును తీసివేసెను. ఆ తలపు చెడ్డది కాదు. గాలిని త్రోయుటకు వేరొక ఉచితమైన బలము ఆయనకు కనబడలేదు, అంతే.

1897 ఫిబ్రవరి 17వ తేదీన మ్యూనికు ఆచార్యుడు ష్రోటరు క్రొత్త ఇంజనును పరీక్షించెను. నిలువుగా మనుష్యునికంటె ఎత్తైన ఒక్క సిలిండరు యంత్రమది. బలము ఇంచుమించు 20 గుర్రములది. నూనెలోని వేడిమిలో నూటికి 26 పాళ్లు పనిగా మారినట్లు తేలెను. నాటి ఆవిరియింజనులలో ఏదియు దీని దరికి రాలేదు. సిలిండరు చుట్టును నీరు ప్రవహించుచునే యుండెను.

అటుపిమ్మట సంపదలు వచ్చిపడెను. అమెరికాలో బుష్షు అను బీరు వర్తకుడును, రష్యాలో నోబెలు కుటుంబమువారును, మరియు అనేకులును పేటెంటు హక్కులను కొనిరి. 1900లో పారిసు ప్రదర్శనమున ఈ ఇంజనునకు గొప్ప బహుమతి లభించెను. ఆ ప్రదర్శనముననే ఒక చిన్న డీజిలు ఇంజను వేరుసెనగనూనెతో, అనగా మన ప్రాంతమువారి పల్లినూనెతో, చక్కగా నడచెను. మొక్కలనూనెలు ఒకనాడు ఇంజనులకు గొప్ప ఆధారమగునని డీజిలు తరువాత చెప్పుచుండెను. తాండూరు గానుగలవారు ఈ సంగతి విని సంతోషింతురని మా నమ్మకము.

సంపద వెనుకనే కష్టములును వచ్చెను. 1898లో కెంప్టెను పట్టణపు అగ్గిపెట్టెల కర్మాగారమునకు ఇచ్చిన ఇంజను మాటిమాటికి నిలిచిపోయి కొన్నవారిని విసిగించెను. పరీక్షశాలలో నడచిన యంత్రము పనివాని చేతిలో నడువవలెనన్న వేరు విద్య కావలెను. పేటెంటు తగవులు, పనిభారము, తలనొప్పులు కలిసి ఆయన ఆరోగ్యమును చెరచెను. కొన్ని నెలలు ఆరోగ్యశాలలో గడపెను. మ్యూనికులో గొప్ప మేడ కట్టించెను. సంపాదించిన ధనమును భూముల వ్యాపారములందును నూనెబావులయందును పెట్టి పోగొట్టుకొనెను. యంత్రములందు అంత సూక్ష్మముగా లెక్కగట్టినవాడు సొంత పద్దులందు ఇట్లు అజాగ్రత్తపడుట మాకు విచారకరముగా తోచును. ఆయన ఇంజను మాత్రము పెరుగుచునే పోయెను. 1912లో సెలాండియా అను పెద్ద ఓడ డీజిలు ఇంజనులతో సముద్రముమీద దూరదేశములకు ప్రయాణమయ్యెను.

1913 సెప్టెంబరు 29వ తేదీ సాయంకాలమున ఆయన బెల్జియములోని ఆంట్వెర్పు రేవున డ్రెస్డెను అను పొగయోడ నెక్కి ఇంగ్లాండునకు బయలుదేరెను. తోడుగా ఇద్దరు మిత్రులుండిరి. మువ్వురును కలిసి భోజనముచేసి, పైతట్టున కొంతసేపు తిరిగి, రాత్రి పదిగంటల వేళకు ఎవరి గదికి వారు పోయిరి. ఉదయమున ఆరుంబావునకు లేపవలెనని డీజిలు ఓడ పనివానికి చెప్పియుండెను. ఉదయమున గది శూన్యము. పరుపు నలుగలేదు. ఆయన టోపీయు, మడచిన పైకోటును వెనుకతట్టు కటకటాల చెంత దొరకెను. పదిదినముల పిమ్మట హాలండు పడవవారు సముద్రమున ఒక శవమును చూచి, జేబులోని వస్తువులను మాత్రము తీసికొని, శవమును సముద్రమునకే విడిచిరి. కళ్లజోడు పెట్టె, చిన్న కత్తి మొదలగు ఆ వస్తువులను కుమారుడు ఆనవాలు పట్టెను. అప్పులు ఆస్తిని మించియుండెనని కుటుంబమునకు పిమ్మట తెలియవచ్చెను. ఆయన వయస్సు 55 సంవత్సరములు.

నాటికి డీజిలు ఇంజను ఓడలకును మిల్లులకును తగినంత బరువైనదే గాని లారీకి ఎక్కించునంత తేలికది కాలేదు. జర్మనీలో లారీలు డీజిలుతో నడచుట 1924 ప్రాంతమున ఆరంభమాయెను. రాబర్టు బాషుగారి కంపెనీ నూనె చిమ్ము పంపును 1927లో అమ్మకమునకు తెచ్చిన తరువాత అది వ్యాపించెను.

ఆయన విడిచిపెట్టిన గాలి పనిని మరియొకడు ముగించెను. డీజిలు సుల్జరువారి శాలలో పనినేర్చిన 1879వ సంవత్సరమందే, అదే వింటర్‌థూరు పట్టణమున ఆల్‌ఫ్రెడు బూఖీ అను శిశువు జన్మించెను. పెద్దవాడై ఇంజనీరైన ఆ బూఖీ, ఇంజనునుండి పొగగొట్టము ద్వారా పోవు వేడిగాలిలో నూనె వేడిమిలో ఇంచుమించు మూడవవంతు వృథాయగుచున్నదని గమనించెను. ఆ పొగతోనే ఒక చిన్న చక్రమును త్రిప్పి, అదే ఇరుసుమీది రెండవ చక్రముచేత గాలిని ఇంజనులోనికి త్రోయించు విధమును 1905లో పేటెంటు చేసెను. డీజిలునకు కనబడని ఉచితమైన బలము ఇదియే. ఇరువదియేండ్లు ఎవ్వరును లక్ష్యపెట్టలేదు. తుదకు 1925-26 ప్రాంతమున రెండు జర్మను ఓడలలో ఈ విధముచే 1750 గుర్రముల ఇంజను 2500 గుర్రముల బలమిచ్చెను. 1938లో సౌరరు కంపెనీ దీనిని లారీ ఇంజనునకు అమర్చెను. నేటి మేస్త్రీలు టర్బో అనునది దీనినే.

ఇక తాండూరు షెడ్డునకు మరలుదము. మేస్త్రి చెప్పినది న్యాయమేయని డీజిలు చరిత్రమే సాక్ష్యమిచ్చుచున్నది. టర్బో గాలిని అదుమును. సైకిలు పంపువలె ఆ గాలి వేడెక్కును. వేడిగాలి వ్యాకోచించి సిలిండరులో తక్కువగా పట్టును. అందుకే దానిని ఇంటర్‌కూలరు అను జల్లెడవంటి పెట్టెలో చల్లార్చి పంపవలెను. గాలి హెచ్చినందున పంపు నూనెను హెచ్చుగా చిమ్మును. దానితో పిస్టనుమీదను, హెడ్డు గ్యాస్కెట్టుమీదను, నీటిమీదను వేడిమి భారము పెరుగును. ఈ మూడింటిని విడిచి టర్బో యొక్కటే పెద్దది చేసినవాడు 1893 నాటి డీజిలువలె లెక్క తప్పినవాడగును.

రేడియేటరు విప్పిచూడగా మేస్త్రి అనుమానము నిజమయ్యెను. తాండూరు నేల సున్నపురాతి నేల. అచ్చటి బావినీరు సున్నముతో కూడినది. సంవత్సరముల తరబడి అదే నీరు పోయగా సన్నని గొట్టములలో తెల్లని పెంకు కట్టి దారులు మూసికొనిపోయెను. సున్నపు పెంకు వేడిమిని సులభముగా బయటికి పోనీయదు. మేము చూచుచుండగనే మేస్త్రి ఒక గొట్టములో తీగ దూర్చగా అది అరజానెడు కూడ పోలేదు. యజమాని అంతట వాదము మానెను. ఇంజను నీటివేడి సరిగానుండుటకు పెట్టిన థర్మోస్టాటును పూర్వమెవరో పీకివేసియుండిరి. బండి మరుగుచున్నదని దానిని తీసివేయుట మన షెడ్డులలో కొందరికి అలవాటు గాని అది రోగము విడిచి నాడిని తీసివేయుటవంటిది.

మొదటి నెలలో క్రొత్త రేడియేటరు, థర్మోస్టాటు, ఫ్యాను చుట్టును గాలిని నడపు తొడుగు బిగించిరి. బావినీటికి బదులు శుద్ధజలము, కూలెంటు కలిపి పోసిరి. మిగిలిన సొమ్ము కూడబెట్టుకొని పంట దిగుబడి కాలమున మరల వచ్చి, ముందువైపు ఇంటర్‌కూలరును, మితమైన టర్బోను పెట్టించుకొనెను. తయారుచేసినవారి హద్దు మీరిన మార్పులను మోటారు వాహనముల చట్టము సమ్మతింపదు గనుక, అదే కంపెనీ అదే ఇంజనునకు తరువాత అమర్చిన టర్బోనే తెప్పించి, రవాణా కార్యాలయమున విచారించి మరి బిగించిరి. నూనె పంపు మరను ఇంకొంచెము త్రిప్పుమని యజమాని బ్రతిమాలెను, మేస్త్రి వినలేదు. ఘాటు దిగినవెంటనే ఇంజను ఆపక, టర్బో ఇరుసునకు నూనె పారుచుండగా ఒకటిరెండు నిమిషములు ఊరక తిరుగనీయవలెనని మాత్రము రెండు మారులు చెప్పి పంపెను.

తరువాతి వేసవిలో నాపరాళ్ల బరువుతో పోవుచున్న ఆ బండిలో తాండూరునుండి మేమును ఎక్కితిమి. అనంతగిరి ఎక్కుడులో వేడిమి ముల్లు నడిమిగీతను దాటి కొంచెము పైకి పోయి అచ్చటనే నిలిచెను. డ్రైవరు ప్రతి మలుపునందును దానినే చూచుచుండెను. సీటు క్రింద పెట్టిన నీళ్లడబ్బా మూత తీయకయే దీపములు పెట్టువేళకు వికారాబాదు చేరితిమి.